కత్తెర ఎవరి చేతిలో ఉంది?

మన ఇంజనీరింగ్ కాలేజీల కల్చరల్ ఫెస్టుల్లో డ్యాన్సులు మూడు రకాలు. ఒకటి క్లాసికల్, రెండోది వెస్టర్న్, మూడోది ‘ట్రైబల్’. చాలాసార్లు ఈ మూడింటి బట్టలూ ఒకే షాపు నుంచి అద్దెకు వస్తాయి. క్లాసికల్‌కు కుట్టి రెడీగా ఉన్న కూచిపూడి కాస్ట్యూమ్. వెస్టర్న్‌కు మెరుపుల జాకెట్టో, నెట్టు గౌనో. ట్రైబల్‌కు మాత్రం ఆకులు అతికించిన లంగా, తలకు రంగేసిన కోడి ఈకలు, మెడలో ప్లాస్టిక్ పుర్రెల దండ, ముఖానికీ చేతులకూ నల్ల రంగు.

మొదటి రెండింటికీ ఊరూ పేరూ ఉన్నాయి. ఎక్కడ పుట్టాయి, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగితే చెప్పేవాళ్లున్నారు. మూడోది ఏ తెగవాళ్ల బట్టలు అని అడిగితే షాపువాడికీ తెలియదు, వేసుకున్నవాళ్లకీ తెలియదు. ఎందుకంటే అది ఎవరి బట్టలూ కావు. పాత సినిమాల్లో హీరోని చెట్టుకు కట్టేసి చుట్టూ ‘జింగ జింగ’ అని గెంతే గుంపు కోసం ఎవరో ఊహించి కుట్టిన బట్టలవి. భద్రాచలం నుంచి పర్ణశాల దాకా ఏ కోయ గూడెంలో వెతికినా అట్లాంటి లంగా దొరకదు.

డ్యాన్సు బట్టలు మారకూడదని నేను అనను. మారని డ్యాన్సు డ్రెస్సు ప్రపంచంలో ఎక్కడా లేదు. కాకపోతే ఆ మార్పు జరిగేటప్పుడు కత్తెర ఎవరి చేతిలో ఉంది, ఆ బట్ట వేసుకుని ఆడేవాళ్ల చేతిలోనా, చూసేవాళ్ల చేతిలోనా అన్నది అడగాలి. ఈ మాట సరిగ్గా అర్థం కావాలంటే ముందు మనకు చాలా దూరంగా ఉన్న ఒక బట్ట గురించి చెప్పుకోవాలి.

బర్త్‌డే ఫ్రాక్‌కు తాతమ్మ

మన ఊళ్లలో ఆడపిల్లల మొదటి పుట్టినరోజుకు కొనే ఫ్రాక్ గుర్తుందా? నడుం దాకా బిగువుగా ఉండి, కింద పొరలు పొరలుగా నెట్టు. ఫోటోలో బాగుంటుంది కానీ కాళ్లకు గుచ్చుకుంటుందని పాప ఏడుస్తుంది. ఆ ఫ్రాక్‌కు తాతమ్మ పేరు టూటూ. యూరప్‌లో పుట్టిన బ్యాలే అనే నృత్యంలో ఆడవాళ్లు వేసుకునే గౌను అది. మనవాళ్లు నృత్యరూపకాన్ని కూడా బ్యాలే అంటుంటారు, ఇది ఆ బ్యాలే కాదు. మునివేళ్ల మీద నిలబడి తిరిగే బ్యాలే.

మొదట్లో బ్యాలే రాజుల కోటల్లో ఆట. ఆడవాళ్లు నేలను ఊడ్చే పొడుగు గౌన్లు వేసుకుని ఆడేవాళ్లు. కాళ్లు ఏం చేస్తున్నాయో ఎవరికీ కనపడేది కాదు. 1726లో పారిస్ ఒపేరాలో అడుగుపెట్టిన మరీ కమార్గో అనే నర్తకికి అది నచ్చలేదు. గాల్లోకి ఎగిరి పాదాలను కత్తెరలా అటూఇటూ మార్చే అడుగుల్లో ఆమె దిట్ట. అంత కష్టపడి నేర్చుకున్నది గౌను కింద దాక్కుంటే ఏం లాభం? గౌనును చీలమండ పైదాకా కత్తిరించింది, మడమ ఎత్తు చెప్పులు మానేసింది. అప్పట్లో అది పెద్ద గొడవ. మనకు ఇప్పుడు చూస్తే అసలు మార్పే అనిపించదు, రెండు మూడు అంగుళాల బట్ట. ఆమెకు పోటీగా ఉన్న మరీ సల్లే 1734లో లండన్‌లో ఇంకో పని చేసింది. గౌను కింద వెదురుబుట్టలా ఉబ్బెత్తుగా ఉండే చట్రాన్ని తీసేసి, పల్చటి మస్లిన్ బట్ట చుట్టుకుని, జుట్టు విరబోసుకుని ఆడింది. ఒకామెకు పాదాలు కనపడాలి, ఇంకొకామెకు భావం కనపడాలి. ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు బట్టను మార్చుకున్నారు.

తర్వాతి మార్పులో మన బ్రాంచీల వాళ్లకు కూడా పాత్ర ఉంది. 1809లో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లిషాయన నెట్టు అల్లే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చేత్తో అల్లే జాలీ బట్ట ధనవంతులకే దొరికేది. యంత్రం వచ్చాక గజాల కొద్దీ తయారైంది. అదే సమయానికి నాటకశాలల్లోకి గ్యాస్ దీపాలొచ్చాయి. పారిస్ ఒపేరాలో 1822లో వెలిగాయి. ఈ రెండూ కలిస్తే వచ్చిందే 1832లో ‘లా సిల్ఫీడ్’ అనే బ్యాలే. మరీ టాగ్లియోనీ అందులో గాలిలో తేలే వనదేవత. పిక్కల కిందిదాకా ఉండే తెల్లటి పల్చటి గౌను, గ్యాస్ దీపం వెలుగు, మునివేళ్ల మీద నడక. చూసినవాళ్లకు మనిషి కాదు, మంచు తెర కదిలినట్టు అనిపించిందట. ఈ గౌనునే ఇప్పుడు రొమాంటిక్ టూటూ అంటున్నారు.

ఆ అందానికి ఒక ధర ఉంది. గంజి పెట్టిన పల్చటి బట్ట, పక్కనే మంట. యూరప్ నాటకశాలల్లో నర్తకులు కాలిపోవడం చాలాసార్లు జరిగింది. అందులో మనసును కలచివేసేది ఎమ్మా లివ్రీ కథ. టాగ్లియోనీ తయారుచేసిన శిష్యురాలు. గురువుగారే ఆమె కోసం 1860లో ‘సీతాకోకచిలుక’ అనే బ్యాలే కూర్చారు. అందులో ఆమె మంట దగ్గరికి వెళ్లి రెక్కలు కాల్చుకునే సీతాకోకచిలుక. రెండేళ్ల తర్వాత, 1862 నవంబర్ 15న, ఇంకో నాటకం రిహార్సల్లో ఆమె గౌనుకు గ్యాస్ దీపం నిజంగానే అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో చనిపోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. బట్ట అంటుకోకుండా ఉండే మందు అప్పటికే ఉంది, వాడాలని ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. కానీ ఆ మందులో ముంచితే గౌను పసుపుపచ్చగా, బిరుసుగా అయిపోయేది. ఆమె వద్దంది. కాలిపోగా మిగిలిన బట్ట పీలికలు పారిస్ ఒపేరా మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. ‘చూశావా, వేసుకునేవాళ్ల చేతికే కత్తెర ఇస్తే ప్రాణం మీదికి తెచ్చుకుంది కదా’ అని. నిజమే, వద్దన్నది ఆమే. కానీ ఆలోచించండి. మంచుతెరలా కనపడకపోతే తనను చూడరన్న భయం ఆ పిల్లకు ఎవరు పెట్టారు? టికెట్టు కొన్న కళ్లు. చూసేవాళ్ల కోరిక ఎంత బలమైనదంటే, వేసుకునేవాళ్ల నోటితోనే ‘నాకు ఇదే కావాలి’ అనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పర్ణశాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత ఇటలీ నర్తకులు వచ్చారు. గిర్రున తిరగడం, కాలు పైకెత్తడం వాళ్ల బలం. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లిన వర్జీనియా జుక్కీ అక్కడి పొడుగు గౌను వేసుకోనని పట్టుబట్టి పొట్టిది వేసుకుంది. క్రమంగా గౌను మోకాలు దాటి, నడుం దగ్గర పళ్లెంలా అడ్డంగా నిలబడింది. మనం బొమ్మల్లో చూసే టూటూ అదే. సివిల్, మెకానికల్ వాళ్లు ఒకసారి ఊహించండి. నడుం దగ్గర మాత్రమే ఆధారం, చుట్టూ గాల్లో వేలాడే గుండ్రటి పలక. అచ్చం కాంటిలీవరే. పది పన్నెండు పొరల బిరుసు నెట్టు, కింది పొర పొట్టిగా, పైకి వెళ్లేకొద్దీ పొడుగ్గా. ప్రతి పొరా తన పైదాన్ని మోస్తుంది. మధ్యలో ఒక స్టీలు తీగ రింగు. వాలిపోకుండా దాన్ని తలకిందులుగా దాచిపెడతారు.

ఆ రింగుతో కూడా ఒక చిక్కు వచ్చింది. స్టేజీ మీద ఎక్కువమంది దగ్గరగా నిలబడితే ఒకరి గౌను అంచు ఇంకొకరికి తగిలి మొత్తం వరస ఎగుడుదిగుడు అయ్యేది. 1950లో న్యూయార్క్‌లో జార్జ్ బాలన్‌షీన్ బ్యాలే కోసం బార్బరా కరిన్‌స్కా అనే ఆవిడ ఆ తీగ తీసేసి, పొరలు ఒకదాన్నొకటి పట్టుకునేట్టు కుట్టింది. పౌడరు అద్దుకునే పఫ్‌లా మెత్తగా ఉందని దానికి ఆ పేరే పెట్టారు. 1974లో హార్లెమ్ డ్యాన్స్ థియేటర్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. అప్పటిదాకా కాళ్లకు తొడిగే మేజోళ్లు, బూట్లు గులాబీ రంగులోనే ఉండేవి, అంటే తెల్ల చర్మానికి సరిపోయేట్టు. నల్లజాతి నర్తకులు తమ ఒంటి రంగు మేజోళ్లు, బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లేమో బట్టకు తమ ఒంటి రంగు వేసుకున్నారు. మనమేమో ‘ట్రైబల్’ ఐటెమ్ కోసం ఒంటికి నల్ల రంగు పూసుకుంటున్నాం. ఈ రెండింటికీ తేడా నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మద్రాసులో ఒక ఇటలీ దర్జీ

టూటూకీ మనకూ ఏం సంబంధం అనుకోకండి, ఉంది. ‘హంస మరణం’ నృత్యంతో ప్రపంచమంతా తిరిగిన అన్నా పావ్లోవా 1920లలో మన దేశానికీ వచ్చింది. రుక్మిణీదేవి అరండేల్‌కు ఆమెతో స్నేహం కుదిరింది, ఆమె బృందంలోని క్లియో నోర్డీ దగ్గర బ్యాలే పాఠాలు కూడా నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవా చెప్పిందంటారు. రుక్మిణీదేవి అప్పటిదాకా దేవదాసీల సొత్తుగా ఉన్న సదిర్ నేర్చుకుని 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడాది కళాక్షేత్ర పెట్టారు. భరతనాట్యం బట్టల రూపం మారింది కూడా అప్పుడే. గుడి శిల్పాలను చూసి, మేడమ్ కజాన్ అనే ఇటలీ దర్జీ సాయంతో కొత్త డ్రెస్సు తయారుచేయించారు. ఇప్పుడు మనం చూసే కుట్టిన కాస్ట్యూముల వంశం అక్కడ మొదలైంది.

ఆ డ్రెస్సు అందంగా ఉంది, అనుమానం లేదు. ఆడటానికి సులువు కూడా. అయితే ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడిన దేవదాసీలను ఆ కత్తెర పట్టుకోమని ఎవరూ పిలవలేదు. వాళ్ల కట్టు, వాళ్ల నగలు, వాళ్ల శృంగార పదాలు ‘బాగు చేయాల్సినవి’ అయ్యాయి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరమే. కానీ ఆ కుటుంబాల ఆడవాళ్లకు ఇంకో స్టేజీ ఎవరూ చూపించలేదు. మన ఆంధ్ర కళావంతుల సంగతీ అంతే. నాట్యం మిగిలింది, నాట్యం చేసినవాళ్లు వెనక్కి వెళ్లారు.

కూచిపూడి కథ వేరు. అక్కడ ఆడవేషాలు వేసింది మగవాళ్లు. రాత్రంతా కాగడాల వెలుగులో ఆట. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. ఎమ్మా లివ్రీ గ్యాస్ దీపం గుర్తొస్తోందా? మనవాళ్లు మంటనే అలంకారంగా వాడుకున్నారు. ఒంటి మీద పల్చటి నెట్టు లేదు కాబట్టి సరిపోయింది. రాత్రంతా మోయాలి కాబట్టి నగలు బూరుగు చెక్కతో తేలిగ్గా చేయించుకునేవాళ్లు. సత్యభామ జడ అయితే వట్టి అలంకారం కాదు, తెర మీదుగా జడ వేసి సవాలు చేయడం ఆ ఆటలో ఒక ఘట్టం. వేదాంతం సత్యనారాయణ శర్మగారు స్త్రీ వేషం కడితే ఆడవాళ్లే వచ్చి నడక నేర్చుకోవాలన్నట్టు ఉండేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత అమ్మాయిలు నేర్చుకోవడం మొదలైంది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యంగారి తరంలో రెండు గంటల సభ, కరెంటు దీపాలు, పెద్ద స్టేజీ వచ్చాయి. పైజమాలా కుట్టిన చీర, ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లు స్థిరపడ్డాయి. ఇక్కడ మార్పు చేసిందీ, ఆడిందీ, నేర్పిందీ ఆ ఇంట్లోవాళ్లే. అందుకే ఇప్పుడు ఆ డ్రెస్సును ఎవరైనా వేసుకోవచ్చు. అమెరికాలో మన తెలుగువాళ్ల పిల్లలు వేసుకుంటున్నారు, ఏ ఊరివాళ్లయినా నేర్చుకుని వేసుకోవచ్చు. ‘నేర్చుకుని’ అన్న మాట కింద ఒక గీత గీయండి.

పర్ణశాలలో ఆరేసిన చీర

భద్రాచలం నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంది పర్ణశాల. సీతారాములు వనవాసంలో ఉన్న చోటని నమ్మకం. అక్కడి సీతవాగు దగ్గర బండల మీద రంగు చారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని చెబుతారు. రాతిలో ఉన్న రంగుకు జియాలజీ వాళ్లు వేరే కారణం చెప్పొచ్చు. నాకు నచ్చేది ఇంకోటి. ఎంతో జరిగిన రామాయణంలో, ఇక్కడి జనం బండ మీద గుర్తు పెట్టుకున్నది బంగారు లేడినీ, పది తలల రావణుణ్నీ మాత్రమే కాదు. ఒక ఆడమనిషి బట్టలు ఉతికి ఆరేసుకున్న సంగతిని కూడా గుర్తుపెట్టుకున్నారు.

ఆ నారచీర చుట్టూ అయోధ్యలో పెద్ద తగువే నడిచింది. కైక నారబట్టలు తెచ్చి ఇస్తే, అవి ఎట్లా కట్టుకోవాలో తెలియక సీత సిగ్గుతో నిలబడిపోయింది. రాముడే వచ్చి ఆమె పట్టుచీర మీద కట్టాడు. వసిష్ఠుడికి కోపం వచ్చింది, వనవాసం అడిగింది రాముడికి కదా, ఈమెకెందుకు నారబట్టలు అన్నాడు. చివరికి దశరథుడు మంచి బట్టలు, నగలు ఇచ్చి పంపాడు. వాల్మీకి రామాయణంలో ఉన్న కథే ఇది. ఆ నగలే తర్వాత దారి చూపించాయి. రావణుడు ఎత్తుకుపోతుంటే వాటిని మూటకట్టి కిందికి విడిచింది సీతే. ఏం కట్టుకోవాలో కైక, వసిష్ఠుడు, దశరథుడు అందరూ మాట్లాడారు. ఒంటి మీది నగలను ఏం చేయాలో ఆమె తనంతట తాను నిర్ణయించుకున్న రోజున కథే మలుపు తిరిగింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పర్ణశాల చుట్టూ అడవిలో ఉన్నది కోయలు. వాళ్ల కొమ్ము నృత్యాన్ని వాళ్ల భాషలో పెర్మకోక్ ఆట అంటారు. మగవాళ్లు తలకు అడవిదున్న కొమ్ములు బిగించిన తలపాగా పెట్టుకుంటారు, దానికి నెమలి ఈకలు, బట్ట, గవ్వలు. భుజానికి పొడుగు డోలు. డోలు కొడుతూనే గుండ్రంగా తిరుగుతారు, మధ్యలో ఇద్దరు దున్నల్లా తలలు వంచి కొమ్ములతో ఢీకొంటారు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని వేరే వలయంగా అడుగులు వేస్తారు. పెళ్లిళ్లకు, భూమి పండుగకు, జాతర్లకు ఆడతారు. ఈ కొండలకూ దున్నలకూ ఉన్న సంబంధం ఎంతటిదంటే, పాపికొండల కొండరెడ్ల మీద ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో రాసిన పుస్తకం పేరులో ఆ కొండలను దున్నల కొండలనే అన్నాడు.

ఆ తలపాగాను ఇంజనీర్ కళ్లతో చూడండి. టూటూలో బరువు నడుం చుట్టూ ఉంటుంది, దాన్ని కనపడకుండా చేయడమే అక్కడి పనితనం. కొమ్ముల తలపాగాలో బరువు అన్నిటికంటే పైన ఉంటుంది, దాన్ని కనపడేట్టు చేయడమే ఇక్కడి పనితనం. తల మీద అంత బరువు, భుజానికి డోలు ఉంటే మెడ ఒక్కటే ఊపడం కుదరదు, ఒళ్లంతా కదలాలి. నేలను గట్టిగా తొక్కాలి. బ్యాలే నేలను వదిలి పైకి పోవాలని చూస్తుంది, కొమ్ము ఆట నేలలోకి దిగుతుంది. బట్టను చూస్తే అడుగు అర్థమవుతుంది, అడుగును చూస్తే బట్ట అర్థమవుతుంది. ఆకుల లంగా, ప్లాస్టిక్ పుర్రెల్లో ఈ లెక్క ఎక్కడుంది?

కొమ్ము తలపాగా కూడా మారుతోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిదున్నను వేటాడటం నేరం. అది ఉండాల్సిన చట్టమే. దాని వల్ల పాత కొమ్ములు ఇంటి ఆస్తి అయ్యాయి. ఒకటి విరిగితే అడవికి వెళ్లి ఇంకోటి తెచ్చుకునే వీల్లేదు. కొత్తగా కావాలంటే కర్రతోనో మరోదానితోనో చేసుకోవాల్సిందే. అట్లా చేసుకుంటే అది ‘నకిలీ’ అని మనం అనకూడదు. కరిన్‌స్కా తీగ తీసేసినట్టే ఇదీ. ఆడేవాళ్లు తమ ఆట నిలవడం కోసం తమ చేత్తో చేసుకునే మార్పు అది.

నన్ను బాధపెట్టేది ఇంకో మార్పు. పెద్దమనుషులు వచ్చే సభల్లో కొమ్ము కళాకారులను ఎక్కడ నిలబెడతారో గమనించండి. గేటు దగ్గర. కారు దిగిన దగ్గర్నుంచి వేదిక దాకా రెండు వరసల్లో ఎండలో డోలు కొడుతూ నిలబడతారు. ముఖ్య అతిథి కొమ్ముల తలపాగా పెట్టుకుని, డోలు మీద రెండు దెబ్బలు వేసి, ఫోటో దిగి లోపలికి వెళ్లిపోతారు. లోపల స్టేజీ మీద జ్యోతి ప్రజ్వలన, ఆపై క్లాసికల్ డ్యాన్సు. గుండ్రంగా తిరగాల్సిన ఆట తిన్నని వరస అయిపోయింది. గంటల ఆట నిమిషాల స్వాగతం అయిపోయింది. కత్తెర తగిలింది బట్టకు కాదు, ఆటకే. పిలుపు రావాలంటే ఇట్లాగే ఆడాలి అన్నప్పుడు వాళ్లూ ‘సరే’ అంటారు. ఎమ్మా లివ్రీ సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథలు నోటికి పాడగలిగిన డోలి కళాకారుడు. 2024లో చనిపోయారు. మన క్యాంపస్‌లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? ఆయన తలలో ఉన్నది రాసిన పుస్తకం కాదు, గూగుల్ చేస్తే దొరకడానికి. 2014లో పోలవరం కోసం మన పాత ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, 2016లో జిల్లాయే ముక్కలైంది. ఒకే ఆట ఆడే గూడేలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. ముంపు కాలనీల్లో ఇళ్ల వరసలు ఇస్తారు, వలయంగా తిరిగే బయలు ఇస్తారా? ఇంత జరుగుతుంటే మనం కోడి ఈకల ఐటెమ్‌కు ఫస్ట్ ప్రైజ్ ఇస్తున్నాం.

‘సరదాగా వేసుకుంటే తప్పేంటి?’

ఈ మాట ఎదురవుతుందని తెలుసు. ‘ఫెస్ట్ అంటే సరదా, అంత సీరియస్ ఎందుకు?’ సరదా ఇద్దరికీ ఉంటే సరదా. క్లాసులో మీ పక్క బెంచీలో దుమ్ముగూడెం నుంచో, చర్ల నుంచో, చింతూరు నుంచో వచ్చిన కోయ అబ్బాయి కూర్చుని ఉంటాడు. స్టేజీ మీద నల్ల రంగు పూసుకుని గెంతుతుంటే అతను కూడా చప్పట్లు కొట్టాలా? తను ఏ ఊరివాడో ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఉండాలా?

‘వాళ్లే ఇప్పుడు జీన్స్ వేసుకుంటున్నారు కదా’ అని ఇంకొకరు అంటారు. వేసుకుంటారు, వేసుకోవాలి కూడా. పారిస్‌లో అమ్మాయిలు టూటూ వేసుకుని మెట్రో ఎక్కరు. కూచిపూడి నేర్చుకున్న మన సీనియర్ అక్క కుచ్చిళ్ల ఫ్యాన్‌తో ల్యాబ్‌కు రాదు. ఆట బట్ట ఆట రోజుకు. రోజూ వేసుకోకపోతే అది తమది కాకుండా పోదు.

‘అయితే కోయలు కానివాళ్లు ఆ ఆట ఆడకూడదా?’ ఈ ప్రశ్నకు విలువ ఉంది. నా జవాబు, ఆడొచ్చు. బ్యాలే ఫ్రాన్స్‌వాళ్లది కదా అని ప్రపంచం ఆగలేదు, రష్యా నేర్చుకుంది, క్యూబా నేర్చుకుంది. కానీ వాళ్లంతా గురువుల దగ్గర ఏళ్ల తరబడి కాళ్లు పుండ్లు చేసుకుని నేర్చుకున్నారు. నేర్పమని వెళ్లి అడగండి. వాళ్లు నేర్పితే, తలపాగా పెట్టుకోమంటే పెట్టుకోండి. పెళ్లిలో వేరు, స్టేజీ మీద వేరు, ఇది మాత్రం బయట ఆడము అంటే ఆ మాట వినండి. ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఆట ఉన్నవాళ్లది.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద డిమాండ్లు పెట్టను. ఈ ఏడాది ఫెస్ట్ కమిటీ చేతిలో ఉన్నవే చెబుతాను.

ప్రోగ్రామ్ లిస్టులో ‘ట్రైబల్ డ్యాన్స్’ అన్న మాట తీసేయాలి. కోయ కొమ్ము నృత్యం, గోండుల గుస్సాడీ, బంజారా ఆట అని పేరు పెట్టి రాయాలి. పేరు రాయలేకపోతే ఆ ఐటెమ్‌కు చోటు లేదనాలి. ఒంటికి రంగు పూయడం పూర్తిగా ఆపాలి.

డీజేకు ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి పర్ణశాల వైపు నుంచి ఒక కొమ్ము బృందాన్ని పిలవాలి. గేటు దగ్గరికి కాదు, మెయిన్ స్టేజీకి. స్టేజీ చిన్నదైతే గ్రౌండ్‌లోకి, ఎందుకంటే ఆ ఆటకు వలయం కావాలి, చూసేవాళ్లు చుట్టూ నిలబడాలి. రానూపోనూ బండి, భోజనం, ఉండటానికి గది, ముందే మాట్లాడుకున్న పారితోషికం ఇవ్వాలి. శాలువా కప్పి ఫోటో దిగితే పారితోషికం ఇచ్చినట్టు కాదు. ఎంతసేపు ఆడాలో వాళ్లనే అడగాలి.

మరుసటి రోజు పొద్దున మన లిటరరీ క్లబ్ తరఫున ఒక గంట కూర్చుందాం. డోలు ఏ కర్రతో చేస్తారు, తోలు ఎట్లా బిగిస్తారు, తలపాగా ఎంత బరువు, ఎవరి తాత దగ్గర్నుంచి వచ్చింది, రేల పాటలు ఏ సందర్భంలో పాడతారు అని అడుగుదాం. ఒప్పుకుంటే రికార్డు చేద్దాం, పాడినవాళ్ల పేర్లతో. వద్దంటే ఫోన్లు జేబులో పెట్టుకుందాం. మన క్లాసుల్లోనే ఉన్న కోయ స్టూడెంట్లు ఆ రోజు ముందు వరసలో కూర్చుని, అర్థం కానివి మనకు తెలుగులో చెబుతారు. అప్పటిదాకా తమ ఊరి పేరు మెల్లగా చెప్పినవాళ్లు గట్టిగా చెప్పే రోజు అదే అవుతుంది.

కమార్గో రెండు అంగుళాల బట్ట కత్తిరించినప్పుడు చూసేవాళ్లు గగ్గోలు పెట్టారు. అయినా అడుగు తనది కాబట్టి కత్తెర వదల్లేదు. కొమ్ముల తలపాగాలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది దాన్ని తల మీద మోసేవాళ్లు తేల్చుకుంటారు. వచ్చే నెలలో ఫెస్ట్ కమిటీ మీటింగ్ ఉంది. కాస్ట్యూమ్ షాపుకు అడ్వాన్స్ కట్టకముందే ఈ మాట అక్కడ ఎవరో ఒకరు ఎత్తండి.